శిబి త్రాసు: మారిషస్ ద్వీప పక్షులు



శిబిచక్రవర్తి కథ ఎరుగని తెలుగువాడు లేడు. డేగచే తరుమబడిన పావురమొకటి ఆయన ఒడిలో వచ్చి పడినది. తన ఆహారమును తనకిమ్మని డేగ అడిగినది. పావురమును విడుచుట శరణాగతుని విడుచుట; డేగను పస్తుంచుట ఒక ప్రాణి నోటి కూడు తీయుట. రెండును అధర్మములే. అందుచేత ఆ రాజు త్రాసు తెప్పించి, ఒక తట్టలో పావురము నుంచి, రెండవ తట్టలో తన మాంసమును కోసి వేసెను. ఎంత వేసినను పావురమున్న తట్టయే క్రుంగియుండెను. తుదకు తానే తట్టలో కూర్చుండెను. భారతము అరణ్యపర్వములోని ఈ కథను పిల్లలకు త్యాగమునకు దృష్టాంతముగా చెప్పుట వాడుక. కాని యిందు త్యాగముకంటె సూక్ష్మమైన విషయమొకటి కలదు. డేగ ప్రాణమునకును, పావురము ప్రాణమునకును పూచీపడినవాడు మనుష్యుడు. తూకము వేయవలసినవాడును, వెల చెల్లింపవలసినవాడును అతడే.

ఇది పురాణకాలపు ముచ్చటయని త్రోసివేయరాదు. ఇరువదవ శతాబ్దమున, హిందూమహాసముద్రములోని యొక చిన్నద్వీపమందు, డేగయు పావురమును ఒకే కాలమున మనుష్యుని ఒడిలో వచ్చి పడినవి. ఆ ద్వీపము మారిషస్.

మడగాస్కరుకు తూర్పున 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున, అగ్నిపర్వతములనుండి పుట్టిన దీవి యిది. వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. మనుష్యుడు కాలిడకమునుపు అచ్చట నేలమీద తిరుగు క్షీరజంతువులు లేవు, గబ్బిలములు మాత్రముండెడివి. పిల్లి లేదు, ఎలుక లేదు, కోతి లేదు. ఏనాడో గాలివాటున వచ్చి చేరిన పక్షులు శత్రుభయమెరుగక తరతరములు పెరిగి, మరియెక్కడను కానరాని రూపములు తాల్చినవి. అందొకటి డోడో. అది పావురముల కుటుంబములోనిదే. కాని ఎగురు పని లేక ఒళ్లు బరువెక్కి, రెక్కలు చిక్కిపోయినవి. 1598లో డచ్చివారి ఓడలు వచ్చినవి. ఓడలతోపాటు ఎలుకలు, పందులు, కోతులును క్రమముగా దీవిలో ప్రవేశించి, నేలమీది గూళ్లలోని గ్రుడ్లను దోచుకొనసాగినవి. 1662లో చూచినదే డోడోను గురించిన నమ్మదగిన తుది సాక్ష్యమని పలువురు పండితుల మతము. మనుష్యునితో పరిచయమైన అరువదినాలుగేండ్లకే ఆ జాతి పద్దు కొట్టివేయబడినది.

ఆ పక్షికి హిందూదేశముతోడను సంబంధము కలదు. పదునేడవ శతాబ్దమున సూరతులో రెండు డోడోలను చూచినట్లు పీటర్ మండీ అను ఆంగ్ల యాత్రికుడు వ్రాసియుంచెను. మొగలు ఆస్థాన చిత్రకారుడైన మన్సూరు వ్రాసినదిగా చెప్పబడు డోడో చిత్రమొకటి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున భద్రముగా నున్నది. 2002లో ప్రకటింపబడిన పరిశోధన, నేడు బ్రదికియున్న పక్షులలో డోడోకు దగ్గరి దాయాది నికోబారు పావురమని తేల్చినది. తాను పోయినను, దాయాదులు మన దీవులలో నున్నారన్నమాట.

గోదావరి సీమకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఇటీవల మారిషస్ పక్షులను చూడగోరి వెళ్లి, మూడు దినములు మార్గదర్శి వెంట తిరిగిరి. సముద్రపక్షులను విడిచి చూచినచో, ఆ ద్వీపమునందు తప్ప వేరెచ్చటను లేని పక్షిజాతులు ఎనిమిది మిగిలియున్నవి. డేగ, గులాబిపావురము, చిలుక, పిగిలిపిట్ట, బూడిదవన్నె చిట్టిపిట్ట, కంటిచుట్టు తెల్లని వలయముగల పచ్చపిట్ట, ఫోడీ యను ఎర్రతల పిట్ట, కుయిజినియే అని అచ్చటివారు పిలుచు బూడిదవన్నె పురుగుతిండి పిట్ట. ఈ ఎనిమిదింటి పేర్లను మాస్టారు ఒక చిన్న పుస్తకములో వరుసగా వ్రాసికొని, ప్రక్కన చూచిన తేదీకి గడి విడిచి యుంచిరి.

మార్గదర్శి ముప్పదియేండ్ల యువకుడు. ఇంట మాటలాడునది క్రియోలు భాష. అయినను పూర్వికులు తెలుగువారు. 1834 మొదలు 1920 వరకు ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి చేరినవారు ఇంచుమించు నాలుగున్నర లక్షలు. వారిలో అత్యధికులు హిందూదేశీయులే. తెలుగువారిని, వారు ఓడ యెక్కిన కోరంగి రేవు పేరిట, కొరింగీలని పిలిచెడివారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ దేశముననే. ఆ యువకునికి తెలుగు పద్యము రాదు గాని, గుడిలో విన్న రామభజనలు వచ్చును. "అయ్యగారూ" అని మాస్టారును పిలుచుచుండెను.

మొదటి దినమున తెల్లవారకమునుపే బయలుదేరి బ్లాక్ రివర్ లోయల అడవికి పోయిరి. 1994లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ అడవి సుమారు 6,500 హెక్టారులు. దారికిరువైపుల చెరకుచేలు. చేల నడుమ నల్లరాళ్లు గుట్టలుగా పేర్చబడి యుండుట చూచి అవి యేమని మాస్టారు అడిగిరి.

"మా తాతల చేతిపని యండి అయ్యగారూ. నేలలోని రాళ్లు ఏరి పోసిరి. ఐదేండ్ల ఒప్పందము, నెలకు ఐదు రూపాయల జీతము. రాయి తీసినగాని చెరకు నాటుటకు వీలులేదు. అడవి కొట్టినగాని రాయి కనబడదు."

అడవి కొట్టినవారిలో తన పెద్దలును కలరని అతడు దాచలేదు. కొట్టుమన్నవాడు వేరు, లాభము తిన్నవాడు వేరు. గొడ్డలి పట్టినవానికి దక్కినది గంజి. అయినను చెట్టు కూలిన మాట నిజము. నేడు మంచి స్థితిలో మిగిలిన సహజారణ్యము ఆ దీవిలో నూటికి రెండు పాళ్లు కూడ లేదు. మిగిలిన దానిలోను విదేశపు జామచెట్లు దట్టముగా అల్లుకొని, స్వదేశపు మొక్కకు వెలుతురు దక్కనీయవు. ఆ యువకుడు చిన్నతనమున వాటిని పెకలించు కూలిపనికే అడవిలో చేరి, పిదప పక్షుల విద్య నేర్చెను. తాతలు అడవిని తీసి చెరకు నాటిరి. మనుమడు జామను తీసి అడవిని నాటుచున్నాడు.

ఆ ఉదయము ముందుగా వినబడినది "పిక్ పిక్" మను కూత. అది బూడిదవన్నె చిట్టిపిట్ట; కూతనుబట్టియే అచ్చటివారు దానికి పేరు పెట్టిరి. తరువాత నారింజవన్నె ముక్కుగల పిగిలిపిట్ట కనబడెను. పొద్దెక్కిన పిమ్మట, పండ్లచెట్టుపై చిలుక వ్రాలెను. మాస్టారు దానిని చూచి, "ఇది మా ఊరి రామచిలుకయే గదా, నాయనా!" అనిరి. పోలిక యున్న మాట నిజమే. మన రామచిలుకయు ఆ దీవిలో కలదు. పందొమ్మిదవ శతాబ్దమున పంజరములనుండి తప్పించుకొని, అడవిబట్టి, గూటి తొఱ్ఱలకై అచ్చటి చిలుకతో పోటీపడుచున్నది. గోరువంకయు, మన పిగిలిపిట్టయు, ముంగిసయు ఇట్లే మన దేశమునుండి పోయినవే. ఇంట ముద్దుబిడ్డ పరుగూరిలో ఉపద్రవమగుట కలదు. 1980 ప్రాంతమున ఆ దీవి చిలుకలు పది, పన్నెండుకు మించి లేవు. తొఱ్ఱలను బాగుచేసి, కొయ్యపెట్టెలు కట్టి, బలహీనమైన పిల్లలను చేతులతో సాకి పెంచగా, నేడు ఏడువందలు దాటినవి.

సాయంకాలమున గులాబిపావురము కనబడెను. తలయు రొమ్మును లేతగులాబి, రెక్కలు గోధుమవన్నె, తోక ఇటుకరంగు. అది గూటిమీద కదలక కూర్చుండియుండెను. ముఖము సరిగా కానరాక, మాస్టారు చప్పట్లు చరచి లేపుదమా యని అడిగిరి. మార్గదర్శి చేయెత్తి వారించెను.

"వలదు అయ్యగారూ. అది లేచిన అరనిమిషములో కోతి గ్రుడ్డు తీసికొనిపోవును. మీకు పక్షి ముఖము కనబడును, పక్షికి పిల్ల దక్కదు."

మాస్టారు సిగ్గుపడి, మారుమాటాడక వెనుకకు తగ్గిరి. 1990 ప్రాంతమున అడవిలో ఈ పావురములు పదియే యుండెను. అప్పటికి వాటికి ఆశ్రయమిచ్చినది జపానునుండి తెచ్చి నాటిన క్రిప్టోమేరియా చెట్ల తోపు. ముండ్లవంటి ఆ ఆకులలోనికి కోతులును ఎలుకలును చొరబడుటకు వెనుదీయుటచే, విదేశపు చెట్టే స్వదేశపు పక్షిని కాచినది. విదేశపుదంతయు శత్రువనుటకు వీలులేదన్నమాట. ఎలుకలను పట్టి, గింజలు పెట్టి, రోగములకు చికిత్స చేసి కాపాడగా నేడు నాలుగైదు వందలైనవి.

రెండవదినమున ఆగ్నేయతీరమునుండి పడవలో ఎగ్రెట్ దీవికి పోయిరి. ఇరువదియారు హెక్టారుల పగడపు దీవి. తీరమునుండి కిలోమీటరు దూరమైనను లేదు. 1965లో అభయారణ్యమైనది. ఎలుకలను నిర్మూలించి, అచ్చట పూర్వపు అడవిని మరల పెంచుచున్నారు. అందు ముఖ్యమైనది నల్లమాను. మన బీడీ ఆకు తునికిచెట్టు జాతిదే. దాని పండ్లు తిని విత్తులు చల్లు పెద్ద తాబేళ్లు మారిషస్‌లో నశించిపోగా, 2000లో ఆల్డబ్రా దీవి తాబేళ్లను తెచ్చి విడిచిరి. దత్తపుత్రులు పితృకార్యము నెరవేర్చినట్లు, ఆ తాబేళ్లు విత్తనములు చల్లుచున్నవి. అచ్చటనే ఎర్రతల ఫోడీయు, కంటివలయపు పచ్చపిట్టయు కనబడినవి. పుస్తకములో ఆరు గడులు నిండెను.

మూడవదినము ఫెర్నే లోయ. మిగిలినవి డేగయు, కుయిజినియేయును. తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు నడచినను రెండును కానరాలేదు. మాస్టారు అలసి రాతిపై కూర్చుండిరి. అప్పుడు చెట్లసందున గోధుమవన్నె చిన్న పక్షి యొకటి చప్పుడు లేక వచ్చి, కొమ్మపై వ్రాలెను. పిడికెడు దేహము, తెల్లని రొమ్మున నల్లచుక్కలు, అడవిలో మలుపులు తిరుగుటకు తగిన పొట్టి రెక్కలు. దాని కాళ్లలో పచ్చబల్లి యుండెను. అదియే మారిషస్ డేగ.

1974లో అడవిలో ఎరుకపడిన ఈ డేగలు నాలుగే. అందు గ్రుడ్లు పెట్టగలది ఒక్కటి. అడవి తరుగుటయు, మలేరియా నివారణకై చల్లిన డి.డి.టి. మందును, కోతులు, ముంగిసలును దానికి కారణములు. ప్రపంచములోకెల్ల అరుదైన పక్షి యిదియేయని ఆశ వదలుకొన్నవారు పలువురు. 1979లో కార్ల్ జోన్స్ అను వేల్సు దేశీయ యువకుడు వచ్చి పనికి పూనుకొనెను. మొదటి యీత గ్రుడ్లను గూటినుండి తీసి పొదిగించినచో, తల్లిపక్షి మరల గ్రుడ్లు పెట్టును. ఇట్లు ఒక్క ఏట రెండు కాపులు సాధించి, పిల్లలను పెంచి అడవికి విడిచిరి. తెల్లఎలుకలను ఎరగా పెట్టి అడవిలోని జంటలకును బలము కూర్చిరి. నాలుగు పక్షులు కొన్ని వందలైనవి. 2016లో ఆయనకు జంతుసంరక్షణకిచ్చు ఇండియానాపొలిస్ బహుమానము లభించెను. అయినను పని ముగియలేదు. సంఖ్య మరల తగ్గుటచే 2014లో ఆ డేగ తిరిగి ఆపన్నజాతిగా నమోదయ్యెను. శిబి త్రాసులో ఒకసారి మాంసము వేసి లేచిపోవుటకు వీలులేదు.

కుయిజినియే మాత్రము కానరాలేదు. ఆకుల చాటున బూడిదవన్నె నీడయొకటి కదలినట్లు తోచెను గాని, రూపము నిలువలేదు. ఓడ ఎక్కవలసిన వేళ సమీపించుచుండెను. "అదియే యనుకొని వ్రాసికొందునా?" యని మాస్టారు అడిగిరి.

మార్గదర్శి తల అడ్డముగా త్రిప్పెను. "ఆనాడు నాలుగు డేగలను పదియని వ్రాసియుండినచో ఎవ్వరును వచ్చెడివారు కారు అయ్యగారూ. నాలుగును నాలుగేయని వ్రాసిరి గనుకనే నేడు వందలైనవి."

మాస్టారు ఎనిమిదవ గడిలో "కనబడలేదు" అని వ్రాసి, క్రింద సంతకము చేసిరి. ఆ పుస్తకములో అన్నిటికంటె విలువైన పద్దు అదియే.

ఈ ముచ్చట గ్రంథాలయ మహోత్సవమున ఏలయని ఎవరికైన తోచవచ్చును. తెలుగునాట కలివికోడి యను పక్షి కలదు. 1848 ప్రాంతమున జెర్డన్ అను వైద్యుడు దానిని లోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవ్వరును చూడలేదు. ఎనుబదియారేండ్లు అది పుస్తకములలోనే బ్రదికెను. పుస్తకములలోని వర్ణనను, ముండ్లపొదల అడవిని ఎరిగిన స్థానికుల తెలివిని జతచేసి వెదకగా, 1986లో కడపజిల్లా లంకమల ప్రాంతమున మరల దొరకెను. పుస్తకములో పేరు చెరిగియుండినచో వెదకువాడే యుండడు. అడవి ఎరిగినవాడు లేకుండినచో పుస్తకమే చాలదు.

డోడో నేడు పుస్తకములలో మాత్రమే కలదు. ఏ గ్రంథాలయమును దానిని చెట్టుమీదికి తేలేదు. కలివికోడిని పుస్తకము అడవివరకు నడిపించినది. మారిషస్ డేగ పేరును పుస్తకమందును, గూడు కొండబిలమందును నిలిచినవి. ఈ మూడింటి భేదమును ఎరుగుటయే చదువునకు ఫలము. ఊరి చెరువుగట్టున ఏ పక్షి వచ్చుచున్నదో, ఏది రాకపోయినదో, పిల్లలు ఒక పుస్తకములో నిజముగా వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపరచినచో, రజతోత్సవమునకు అంతకు మించిన కానుక యుండదు. కనబడినది కనబడినదని, కనబడనిది కనబడలేదని వ్రాయవలెను. త్రాసు తట్టలో వేయవలసినది ఎంతయో అప్పుడే తెలియును.

స్వస్తి.