చలికాలపు చుట్టాలు



ఉగాది పచ్చడి తిన్న నోటితో బాతుల సంగతి ఎందుకని కొందరికి తోచవచ్చు. కోరాపుట్ దగ్గర కొలాబు జలాశయం మీద చలికాలం గడిపిన వలస బాతులు ఉగాది వచ్చేసరికి ఉత్తరానికి తిరుగుదారి పట్టుతవి. ఆ చుట్టాలను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

చలికి తాళలేక అవి వస్తవని పిల్లలకు చెబుతుంటాము. అది సగమే నిజం. నూనె పట్టిన ఈకలు, లోపలి మెత్తని నూగు వాటికి రగ్గువలె పనిచేస్తవి. అసలు బాధ ఒంటిది కాదు, కడుపుది. సరస్సు గడ్డకడితే అడుగునున్న నాచు, గింజ, పురుగు అన్నీ మంచు కింద చిక్కుతవి. అందుచేత చలి ముదిరినకొద్దీ పక్షులు గడ్డకట్టని నీటిని వెదుక్కుంటూ ఇంకా దూరం పోతవి. 1963 జనవరిలో ఇంగ్లండులో నదులు సైతం గడ్డకట్టినప్పుడు నీటిపక్షులెన్నో దక్షిణానికీ, పడమటికీ తరలినవి. తరలనివాటిలో చాలా చచ్చినవి.

మనకు మాత్రం చలి తక్కువా? పుష్యమాసంలో పొట్టంగి, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున పళ్లు టకటకలాడుతవి. అయినా కొలాబు, జలాపుట్టు నీళ్లు గడ్డకట్టవు. మనకు వణుకు పుట్టించే చోటే వాటికి అన్నం పెట్టే చోటు. టిబెట్టు వైపు సరస్సులలో పిల్లలను చేసే చక్రవాకాలు, తలమీద రెండు నల్లచారలుండే పెద్దబాతులు హిమాలయాలు దాటి చిలికా సరస్సుకు వచ్చేది కూడా అందుకే.

మన పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఘాటీ ఎక్కి రాయగడకు, జయపురానికి వచ్చినదీ చల్లగాలి కోసం కాదు గదా! ఇక్కడి కొలాబే కిందికి పోయి శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తున్నది. నీటికి లేని ఎల్లలు ఆకలికి మాత్రం ఎక్కడివి?

ఒక మాట సిగ్గుతో ఒప్పుకోవాలి. సంతలో రెక్కలు కట్టి తెచ్చిన బాతును బేరమాడి కొన్నవారిలో మేమూ వున్నాము. అది దాటివచ్చిన కొండలు అప్పుడు మా తలపుకు రాలేదు. పట్టడం, అమ్మడం, కొనడం నేరమని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతున్నది. చట్టం అటుంచండి, తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్న చుట్టాన్ని వలవేసి పట్టడం ఏ ఇంటి మర్యాద?

1987 నుంచి ఆసియా దేశాలలో ఏటా జనవరిలో నీటిపక్షులను లెక్కపెడుతున్నారు. వచ్చే జనవరిలో మనమూ పిల్లలను వెంటబెట్టుకొని కొలాబు గట్టుకు పోదాము. దూరాన నిలబడి లెక్కపెడదాము. సంతలో మాత్రం ఆ బాతు వంక చేయి చాచవద్దు.

వెళ్లేవారికి క్షేమం, వున్నవారికి శుభం. సెలవు.