కంచె లేని పొలిమేర

సరిహద్దు దాటే మనుషుల కథ చలనచిత్రమునకు ఎంతో అనువైనది. వెనుక పేదరికము, ముందు ప్రమాదము, నడుమ నడక. 2015లో వచ్చిన ‘దెసియెర్తో’ అనే మెక్సికో చిత్రములో అమెరికాలోనికి దొంగదారిన ప్రవేశించే కూలీలను ఒక తుపాకిధారి వేటాడుతాడు. అక్కడ శత్రువు కంటికి కనిపిస్తాడు. పొలిమేర ఎక్కడున్నదో తెలుస్తుంది.

గోదావరిఖని, రామగుండము శ్రోతలకు ఇంతకంటె దగ్గరి కథ ఒకటి ఉన్నది. అది 2024 మార్చిలో విడుదలయి, తెలుగులోనికి కూడ అనువదింపబడిన మలయాళ చిత్రము ‘ఆడుజీవితం’. మలయాళములో ఆడు అనగా మేక. మన భాషలోని అర్థమును ఇక్కడకు తేరాదు. సౌదీ అరేబియాలో కష్టములు పడి తిరిగివచ్చిన ఒక కేరళ కార్మికుని అనుభవము ఆధారముగా బెన్యామిన్ 2008లో వెలువరించిన నవలయే దీనికి మూలము. దర్శకుడు బ్లెస్సీ, నాయకుడు పృథ్వీరాజ్ సుకుమారన్.

కథానాయకుడు నజీబు దొంగదారిన పోలేదు. వీసా పొందినాడు, విమానమెక్కినాడు, రాజమార్గముననే దిగినాడు. విమానాశ్రయములో ఎదురైన అరబ్బు ఒకడు అతనిని బండిలో తీసికొనిపోయి నడి ఎడారిలో మేకల కాపరిని చేసినాడు. స్వదేశములో నజీబు నదిలో ఇసుక తీసి బ్రతికినవాడు. బొగ్గు తవ్విన ఖాళీలను గోదావరి ఇసుకతో నింపే పని ఎరిగిన మన గని కార్మికులకు ఈ సంగతి మనసున తగులకపోదు. ఇంటి తలపుల ఘట్టములు కొంత దీర్ఘమైనవని నా అభిప్రాయము. కాని ముగ్గురు కలిసి ఎడారిలో పారిపోయే భాగము అట్టిది కాదు. తుపాకి మోత లేదు, తరుముకువచ్చే బండి లేదు; దాహము ఒక్కటే. హకీము అనే యువకుడు ఆ దాహముతోనే ప్రాణము విడుస్తాడు.

అంతకు మించిన భయము చెరసాలలో ఉన్నది. తప్పించుకొన్న పనివారిని గుర్తించుటకు యజమానులు వస్తారు. నజీబును మేకల దొడ్డిలో బంధించినవాడు కూడ వచ్చి, ఎదుట నిలిచి, ఇతడు తన వీసాపై వచ్చినవాడు కాడని విడిచిపోతాడు. ఎవని వీసాయో తెలియకనే అన్నాళ్లు బానిసగా బ్రతికినాడన్నమాట! దాటవలసిన సరిహద్దు ఇసుకలో లేదు, కాగితములో ఉన్నది.

సింగరేణిలో 1990 దశకపు ఆరంభమున 1,00,000కు పైబడిన కార్మికుల సంఖ్య నేడు 40,000 దరిదాపులకు తగ్గినది. గనిలో చోటు దొరకని యువకులు, పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల రైతుబిడ్డలు గల్ఫు దారి పట్టుచున్నారు. వారి ఇండ్లలో రెండు మాటలు అందరికీ తెలుసు. వీసా ఇచ్చి రప్పించుకొన్నవాడు కఫీలు. అతనిని విడిచి, కాగితములు లేక మరొకచోట పనిచేయువాడు ఖల్లివెల్లి. పాసుపోర్టును కఫీలు తన వద్ద ఉంచుకొనుట అక్కడి చట్టమునకే విరుద్ధము. అయినను ఆ వాడుక సాగినది. జీతము రాక పారిపోయినవాడు సైతము చట్టము దృష్టిలో అపరాధియే అయినాడు.

యజమాని అనుమతి లేకనే, కొన్ని షరతులకు లోబడి, ఉద్యోగము మారుటకు, దేశము విడుచుటకు వీలు కల్పిస్తూ సౌదీ ప్రభుత్వము 2021 మార్చిలో మార్పులు తెచ్చినది. వేలమందికి అవి మేలైనవే. కాని ఇంటి పనివారిని, తోటపనివారిని, పశువుల కాపరులను ఆ మార్పుల వెలుపలనే ఉంచినారు. నజీబు చేసిన పని కాపరి పనియే.