మెడనొప్పి: మర్దనమా, వ్యాయామమా?



మా గుంటూరు, ప్రకాశము మండలములలో మిరప కల్లమునకు చేరిన దినములలో మెడనొప్పి యని మూలుగనివా రుండుట అరుదు. తాలుకాయలు ఏరు స్త్రీలు ప్రొద్దు పొడిచినది మొదలు గ్రుంకువఱకు తల వంచియే కూర్చుందురు. పత్తి తీయువారి గతియు నంతియే. టిక్కీలు మోయువారి మాట చెప్పనక్కరలేదు. నాగలి పట్టని నాకును ఈ బాధ తప్పలేదు. ముప్పదియేండ్లు పిల్లల వ్రాతలు దిద్దుటకై వంచిన మెడ, ఉద్యోగము ముగిసిన పిదప తన బాకీ వసూలు చేసికొన నారంభించినది.

మా యూర నొక వృద్ధుడు నువ్వులనూనెతో మెడ మర్దించువాడు. ఆతని చేయి సోకిన రాత్రి సుఖనిద్ర పట్టెడిది. మూడవనాటికి నొప్పి మరల వచ్చెడిది. ఇట్లు రెండేండ్లు గడచెను. ఒకనాడు కూలిపని చేసికొను పొరుగింటి యిల్లాలు నన్నిట్లడిగెను: “మాస్టారుగారూ, మీకు పింఛను వస్తుంది. నాకు ఒక్కసారి మెడ పట్టించుకుంటే సగం కూలి పోతుంది. మరి నేనేం చెయ్యాలి?” ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

సమాధానము వెదకుచు గుంటూరులోని యొక ఫిజియోథెరపిస్టు కడకు పోయితిని. మెడలో ఎముకలు 7; అవి మోయు తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందునకు వంగినకొలది వెనుక కండరములపై భారము పెరుగును. నొప్పి 3 నెలలు దాటిన దానిని దీర్ఘకాలికమందురు. మర్దనము బిగిసిన కండరమును సడలించి, కొంతకాలము బాధను తగ్గించును. కాని కండరమునకు బలము నీయజాలదు. బలము సాధనవలననే కలుగును.

ఇది ఒక్కరి యభిప్రాయము కాదు. అమెరికాలో 191 మంది దీర్ఘకాలిక మెడనొప్పి రోగులను మూడు జట్లుగా విభజించి పరీక్షించి, ఫలితములను 2001లో ప్రకటించిరి. ఒక జట్టునకు చేతివైద్యము మాత్రమే. రెండవదానికి చేతివైద్యముతో వ్యాయామము. మూడవదానికి యంత్రసాయమున వ్యాయామము. 11 వారముల చికిత్స ముగిసినపుడు నొప్పి విషయమున పెద్ద భేదము కానరాలేదు. ఏడాది గడచిన పిమ్మట వ్యాయామము చేసిన జట్లే మేలుగా నుండెను. ఫిన్లండులో 180 మంది ఉద్యోగినులపై జరిగి 2003లో వెలువడిన పరీక్షయు, ఏడాదిపాటు మెడకు బలమిచ్చు వ్యాయామము నొప్పిని తగ్గించునని చూపినది.

మన పెద్దలును ఈ రెంటిని విడదీయలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్య చెప్పుచు, అభ్యంగనమును వ్యాయామమును రెంటిని విధించెను. వ్యాయామమును సగము శక్తితోనే చేయుమనెను.

నేను నేర్చిన సాధన చెప్పెదను. నిటారుగా కూర్చుండి, తల వంచక, గడ్డమును మెల్లగా వెనుకకు లాగి ఐదు లెక్కించునంతసేపు నిలుపవలెను. అరచేతిని నొసట నుంచి, తల కదలకుండ చేతిని తలతో మెల్లగా నొక్కవలెను. అట్లే వెనుకను, ఇరుప్రక్కలను. పిదప భుజములను వెనుకకు త్రిప్పి రెక్కఎముకలను దగ్గరకు చేర్పవలెను. ఒక్కొక్కటి పదిమారులు చాలును. నొప్పి హెచ్చినచో తగ్గింపవలెను.

ఒక హెచ్చరిక. ఎవరును మీ మెడను తటాలున విఱిచి “టక్కు”మనిపింప నీయకుడు. అరుదుగానైనను మెడలోని రక్తనాళము చినిగి పక్షవాతము వచ్చిన సందర్భములు కలవు. చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పినను, నడక తడబడినను, మూత్రము స్వాధీనము తప్పినను, జ్వరము తోడైనను, పడి దెబ్బ తగిలిన పిదప నొప్పి పుట్టినను ఆలసింపక వైద్యుని చూడవలయును.

ఆ యిల్లాలికి ఈ సాధన నేర్పితిని. తాలు ఏరునపుడు గంటకొకమారు లేచి నిలుచుటయు అలవరచుకొనెను. మూడు నెలలకు నొప్పి మాయమైనదని చెప్పను. రాత్రి నిద్ర పట్టుచున్నదనియు, ఆ సగము కూలి యింట నిలుచుచున్నదనియు ఆమెయే చెప్పెను. సాధనను గూర్చి జీవితమంతయు బోధించిన నేను మాత్రము నడుమ పదిదినములు మాని, మరల నూనెగిన్నె పట్టుకొని వృద్ధుని యింటికి పోయితిని! మర్దనము తప్పు కాదు. అది సాధనకు తోడుగా నుండవలెను గాని, దానికి బదులు కారాదు.

సెలవు.