తిరిగిరాని పడవలు, ఏడేళ్ల నిరీక్షణ
(మత్స్యకార మహిళల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి సముద్రంలో కలిసేచోట ‘సాక్రమెంటో’ అనే ఇసుక మేట ఉంది. అక్కడి దీపస్తంభానికీ అదే పేరు. ఆ పేరుగల అమెరికా యుద్ధనౌక 1867 జూన్ 19న ఆ మేటకు తగిలి బద్దలైంది. అందులోని వాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఒక్క ప్రాణమూ పోని ఆ ఓడ పేరు పటం మీద నిలిచిపోయింది. అదే నీళ్లలో పోయిన మన మత్స్యకారుల పేర్లు ఏ పటంలోనూ లేవు.

ఈ తీరం ఎందుకు ప్రమాదకరమో పల్లెల్లో అందరికీ తెలుసు. నది తెచ్చే ఇసుకతో మేటలు చోటు మారుతూ ఉంటాయి. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి తుఫానులో ఉప్పెన ఎత్తుగా లేస్తుంది. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచింది అటువంటి ఉప్పెనే.

ఇక 1996 నవంబరు 6 రాత్రి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లిన మగవాళ్లు ఎందరో తిరిగిరాలేదు. చాలామంది శవాలు కూడా దొరకలేదు.

అప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. మా వీధికి ఎండుచేపల గంపతో వచ్చే ఆమె చాలా నెలల తర్వాత మళ్లీ కనబడింది. నుదుట బొట్టు ఉంది. “ఇంకా బొట్టేమిటి?” అన్నారు కొందరు. తీసేస్తే మొగుడి చావు కోరుకున్నట్టే అన్నారు ఇంకొందరు. ఆమె బాధ వేరు. “చచ్చిపోయినట్టు కాయితం తెమ్మంటున్నారండి. ఎవర్ని అడగాలండీ, సముద్రాన్నా?” అంది మా అమ్మతో.

ఆ ప్రశ్న వెనుక ఉన్న చట్టం నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లపాటు ఆచూకీ లేని మనిషి బతికే ఉన్నాడనేవారే ఆ సంగతి రుజువు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షనుగా అదే నియమం కొనసాగుతోంది. అంటే ఆ ఏడేళ్లూ ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. అప్పులవాళ్లకు మాత్రం ఆమె భార్యే. పింఛను అడిగితే వితంతువు కాదు.

అయితే ఏడేళ్లలోపు మరణాన్ని రుజువు చేయకూడదని ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. తుఫాను వచ్చిన తేదీ, బోటు బయలుదేరిన తేదీ, తోటివాళ్ల సాక్ష్యం వంటి పరిస్థితుల ఆధారంగా కోర్టు ముందే నిర్ణయానికి రావచ్చు. మనతో పనిచేసే వకీళ్లు ఈ మాట గట్టిగా వాదించాలి.

అందుకు కాగితాలు ముందుగానే ఉండాలి. ప్రతి బోటూ బయలుదేరే ముందు కళాసీల పేర్లు ఒడ్డున రాసి ఉంచాలి. ఆచూకీ లేనివాళ్ల కుటుంబాలకు తీర్పు వచ్చేదాకా ఆగకుండా తాత్కాలిక భృతి ఇవ్వాలి. చేపలు ఎండబెట్టి అమ్మే స్త్రీని ‘మత్స్యకారుడి భార్య’గా కాక మత్స్యకారిణిగా, ఆమె పేరునే నమోదు చేయాలి.

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గంప తెచ్చిన ఆమె పేరు మా ఇంట్లో ఎవరమూ ఏనాడూ అడగలేదు. మాకు ఆమె ‘చేపలమ్మి’, అంతే. నమోదు అక్కడి నుంచే, మన వాకిళ్ల నుంచే మొదలుకావాలి.