పాత ఇంజిన్, పాత పాఠం

మిత్రులారా, నాది మాదాపూర్‌లో ఉద్యోగం, సెలవు రోజున మట్టి ట్రాక్ మీద కారు పందేలు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందేన్ని టిక్కెట్ కొని చూశాను. నా స్తోమతకు మాత్రం పాత మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు. బాడీ తుప్పు పట్టినా ఇంజిన్ మొండిది. దాని అసలు శత్రువు వేడి.

నిరుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటినా, ఇంకొక్క రౌండే కదా అని ఆపలేదు. హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. మెకానిక్ మన చివరి బెంచీవాడే. "అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుందిరా. సార్ చెప్పారుగా!" అన్నాడు. ఆ పాఠం వేళ నేను కిటికీలోంచి స్కూటర్లు చూస్తున్నాను.

లేత్ షాపులో హెడ్ చదును చేయించి బిగించాడు. కూలి తీసుకోలేదు. బండి బయటే ఉంది. సార్, మిమ్మల్ని ఇంటి దగ్గర నేనే దింపుతాను, నెమ్మదిగానే.