కప్పు కన్నా హాజరు పట్టీ ముఖ్యం

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





పిల్లల ఫీజులు, వితంతువులకు రేషన్, రోగులకు మందులు. ఈ సంస్థ చేసే పనులు ఇవి. వీటి నడుమ ఫుట్‌బాల్ గురించి మాట్లాడమని కమిటీ పెద్దలు నన్ను పిలిచారు. "ఆటకు కూడా చందా ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు ఒక బడిపంతులును గుర్తుచేస్తాను.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. మన జిల్లాలు హైదరాబాద్ రాజ్యంలో ఉన్న రోజుల్లో నగరంలో ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతి కింద భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

ఈ పతకాలు చాలామందికి తెలుసు. వాటి వెనుక జరిగిన చిన్న పనులు తక్కువమందికి తెలుసు. కుర్రాళ్లకు పాస్ ఇవ్వడం అలవాటు కావాలని, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు పెట్టారు. రెండో కాలు కూడా పనికి రావాలని, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. పొట్టి పిల్లలు వెనుకబడకుండా ఎత్తును బట్టి వేరే పోటీలు పెట్టారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం. ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదంటే, అద్దె సైకిల్‌కు రహీం సాబ్ డబ్బులిచ్చి రప్పించుకున్నారని బలరాం తర్వాత చెప్పుకునేవారు. ఆ బలరామే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు. 1962 స్వర్ణ జట్టులోనూ ఉన్నారు. సైకిల్ అద్దె ఎంత చిన్న ఖర్చో చూడండి!

ఇక మా సంగతి. ఇందులో మా తప్పు కూడా ఉంది, దాచను. కొన్నేళ్ల కిందట మేము పెద్ద టోర్నమెంటు పెట్టాం. షామియానా, ఫ్లెక్సీలు, షీల్డులు, శాలువాలు, అందరికీ బిర్యానీ. వచ్చిన చందా మొత్తం రెండు రోజుల్లో అయిపోయింది. సోమవారం పిల్లలు మైదానానికి వస్తే గాలి నిలవని బంతి ఒక్కటి మిగిలింది. "సార్, కప్పు బీరువాలో ఉంది, బంతి ఏది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య ప్రాక్టీసు. అజాన్‌కు ముందే ఆట ముగుస్తుంది. రంజాన్‌లో ఉపవాసం ఉన్నవారికి పరుగు లేదు. చిన్నపిల్లలకు నాలుగో సైజు బంతి, చిన్న గోల్‌పోస్టులు. అన్నిటికన్నా ముఖ్యమైనది హాజరు పట్టీ. రోజూ పేరు పిలుస్తాం. మూడు రోజులు రాని పిల్లవాడి ఇంటికి మనిషి వెళ్తాడు.

ఆ పట్టీ ఏం చేసిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన ప్రాంతం వలసల ప్రాంతం. ఒక అబ్బాయి వాళ్ల అబ్బా పుణెకు తాపీ పనికి పోయాడు. అబ్బాయి నాలుగు రోజులు మైదానానికి రాలేదు. వెళ్లి చూస్తే పంక్చర్ షాపులో ఉన్నాడు. అమ్మీకి జబ్బు చేసింది, ఇంట్లో డబ్బు లేదు, బడి మానేశాడు. "రెండు నెలలే సార్, మళ్లీ పోతా" అన్నాడు. రెండు నెలలు అని మానేసినవాళ్లు మళ్లీ బడికి పోవడం ఎంత అరుదో మీకూ తెలుసు. ఈ సంస్థ విద్యా నిధికి అదే వారం కబురు పెట్టాం. ఆమెకు మందులు, వాడికి ఫీజు అందాయి. వాడు బడికీ వస్తున్నాడు, లెఫ్ట్ బ్యాక్‌గానూ ఆడుతున్నాడు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. చేయి చాచి అడగని పిల్లవాడి కష్టం మైదానంలో ముందుగా తెలుస్తుంది. అయితే అది రోజూ నడిచే మైదానం కావాలి.

మా జట్టులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. రహీం సాబ్ స్వర్ణ జట్టులోనూ యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్, జర్నైల్ సింగ్, బలరాం కలిసే ఆడారు. ఆడపిల్లలకు కూడా వేరే సమయం, మహిళా శిక్షకురాలు ఏర్పాటు చేయాలని మా ఆశ. ఆ పని ఇంకా మొదలుపెట్టలేకపోయాం.

జకాత్ సొమ్ము దీనికి అడగడం లేదు. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ చెప్పింది, అది వారికే చేరాలి. మేము అడిగేది మీ ఇష్టంతో ఇచ్చే సదఖా. అది కూడా టోర్నమెంటుకు ఒకేసారి వద్దు, నెలనెలా కొంచెం ఇవ్వండి. బంతులకు, బూట్లకు, మందుల డబ్బాకు, శిక్షకుడి గౌరవ వేతనానికి సరిపోతే చాలు. మూడు ఊళ్ల జట్లు నెలకోసారి ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడుకోవాలి. కృష్ణ దాటి నడిగడ్డకు వెళ్లి రావడానికి బస్సు చార్జీలు కావాలి. ఖర్చుల లెక్క ప్రతి నెలా మసీదు నోటీసు బోర్డు మీద పెడతాం. ఒక్క రూపాయి తేడా కనిపించినా నిలదీసే హక్కు మీకుంది.

షీల్డు మీద మీ పేరు చెక్కించలేను, మన్నించండి. ఒక సాయంత్రం మైదానానికి రండి. పేర్లు పిలిచేటప్పుడు "హాజిర్ సార్" అనే గొంతులు వినండి. ఆ తర్వాత మీ ఇష్టం.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.