ఇంటి పని ఇచ్చే ముందు



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని పెద్దలు ఊరికే అనలేదు. కొత్త ఇల్లు కట్టడం ఒక ఎత్తు. పాత ఇంటిని బాగు చేయించుకోవడం ఇంకో ఎత్తు.

చాలా ఊళ్లలో శ్లాబు ఇళ్లకు ఇరవై, ముప్పై ఏళ్లు నిండాయి. వానొస్తే కప్పు కారుతుంది. కారే చోటల్లా గిన్నెలు పెట్టుకోవాలి. గోడల పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. బాగు చేయించక తప్పదు.

ఇప్పుడు దీనికి సోలార్ తోడైంది. సోలార్ అంటే ఎండ నుంచి కరెంటు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ అనే పథకం మొదలుపెట్టింది. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకుంటే సబ్సిడీ ఇస్తారు. అందుకని ఊళ్లలోకి రకరకాల మనుషులు వస్తున్నారు. "అమ్మా! శ్లాబు బాగు చేయిస్తాం. పైన సోలార్ పెట్టిస్తాం. అంతా మాకు వదిలేయండి" అంటున్నారు.

కొందరికి పని బాగా జరుగుతోంది. కొందరికి డబ్బు పోతోంది, పని మిగులుతోంది. ఎందుకీ తేడా?

ఈ సంగతి ఆడవాళ్లు తెలుసుకోవాలి. ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ డబ్బు డ్వాక్రా సంఘంలో ఆడవాళ్లు తీసుకున్న అప్పు. పని ఆగినా వాయిదా ఆగదు. కప్పు కారుతున్నా వాయిదా కట్టాల్సిందే.

మూడు ఇళ్లు, మూడు రకాలు

ఒక వీధిలో మూడు ఇళ్లు ఉన్నాయి అనుకుందాం.

మొదటి ఇంట్లో కప్పు కారుతోంది. వంటగది కూడా పెంచుకోవాలి. మేస్త్రీ వచ్చాడు. తెలిసినవాడే. వరసకు తమ్ముడవుతాడు. "లక్షలో అయిపోతుంది అక్కా. నాదీ పూచీ" అన్నాడు. కాగితం రాసుకోలేదు. సిమెంటు కొనాలని ముప్పై వేలు తీసుకున్నాడు. ఇనుము కొనాలని నలభై వేలు తీసుకున్నాడు. కప్పు మీది పాత పూత కొట్టించాడు. వంటగది గోడ పడగొట్టించాడు. తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే "రేపొస్తా అక్కా" అంటాడు. పక్క ఊళ్లో ఇంకో పని ఒప్పుకున్నాడు. ఇంతలో వానలు పడ్డాయి. ముందు రెండు చోట్ల కారిన కప్పు ఇప్పుడు ఆరు చోట్ల కారుతోంది.

"లక్షలో అంతా చేస్తానన్నావు కదా తమ్ముడూ?" అని ఆమె అడిగింది.

"కప్పుకే లక్ష అన్నాను అక్కా. వంటగది లెక్క వేరు" అన్నాడు.

ఆమె మాట ఆమెది. అతని మాట అతనిది. ఏది నిజమో చెప్పే కాగితం లేదు.

రెండో ఇంటివాళ్లు సోలార్ పెట్టించుకున్నారు. అమ్మడానికి వచ్చిన అబ్బాయి ఏమన్నాడు? "బిల్లు సున్నా అమ్మా! కరెంటు పోయినా మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది" అన్నాడు. పలకలు పెట్టారు. బాగానే పని చేశాయి. బిల్లు బాగా తగ్గింది. కానీ ఒకరోజు గాలికి వీధిలో కరెంటు పోయింది. ఆ ఇంట్లో కూడా పోయింది. "బ్యాటరీ లేని సోలార్ అంతే అమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. పలకల్లో లోపం లేదు. అతను చెప్పిన మాటలో ఉంది లోపం.

తర్వాత వానాకాలం వచ్చింది. పలకల స్టాండుకు బోల్టులు కొట్టిన చోట కప్పు కారింది. సోలార్ వాళ్లు "కప్పు సంగతి మేస్త్రీని అడగండి" అన్నారు. మేస్త్రీ "బోల్టులు కొట్టింది వాళ్లు కదమ్మా" అన్నాడు. నష్టం ఇంటామె నెత్తిన పడింది.

మూడో ఇంటామె ఏం చేసింది? ముందు ముగ్గురు మేస్త్రీలను పిలిచి ధర అడిగింది. వాళ్లు అంతకు ముందు చేసిన ఇళ్లకు వెళ్లింది. "వానాకాలం గడిచాక కప్పు ఎలా ఉంది?" అని ఆ ఇళ్లవాళ్లను అడిగింది. ఒక మేస్త్రీని ఎంచుకుంది. ఒప్పందం రాయించి, చదువుకుని, సంతకం పెట్టింది. డబ్బు నాలుగు విడతలుగా ఇచ్చింది. చివరి విడత మంచి వాన పడ్డాక ఇచ్చింది. ఆ తర్వాతే సోలార్ వాళ్లను పిలిచింది.

పని మధ్యలో ఆమె "మేస్త్రీ గారూ, ఇక్కడ ఒక అరుగు కూడా కట్టండి" అంది. మేస్త్రీ కాగితం చూపించాడు. "ఇది ఇందులో లేదమ్మా. అదనంగా నాలుగు వేలవుతుంది" అన్నాడు. ఆమె అదీ కాగితం మీద రాసింది. డబ్బు ఇచ్చింది. ఇద్దరికీ మాట పట్టింపు రాలేదు.

మొదటి మేస్త్రీ దొంగ అని కాదు. పనికి ముందే డబ్బంతా చేతికొస్తే, పని పూర్తి చేయాలన్న తొందర తగ్గిపోతుంది. మూడో ఇంట్లో డబ్బు పని వెనకాలే నడిచింది. తేడా అక్కడుంది.

ముందు కప్పు, తర్వాత పలక

సోలార్ పలకలు ఇరవై అయిదేళ్లు పని చేసేవి. కారే కప్పు మీద వాటిని పెట్టకూడదు. పెడితే, కప్పు బాగు చేసేటప్పుడు పలకలన్నీ దింపాలి. మళ్లీ ఎక్కించాలి. రెండుసార్లు ఖర్చు.

కప్పు బాగయిందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కండి. కప్పు మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టండి. ఒక రోజంతా ఉంచండి. కింద చెమ్మ కనిపిస్తే పని ఇంకా పూర్తి కానట్టే.

స్టాండు ఎలా నిలబెడతారో కూడా ముందే అడగండి. శ్లాబుకు బోల్టులు కొడతారా? సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెడతారా? బోల్టులు కొడితే ఆ రంధ్రాల్లోకి నీరు దిగకుండా మూయాలి. ఆ చోట కారితే ఎవరు బాగు చేయాలో కాగితంలో రాయించండి. తుఫాన్లు వచ్చే కోస్తా జిల్లాల్లో స్టాండు మరీ గట్టిగా ఉండాలి. రేకుల ఇల్లయితే, అది ఆ బరువు మోస్తుందో లేదో ముందు చూపించుకోవాలి.

బస్తా మీద ఏముంది?

సిమెంటు బస్తా ఇంటికి వచ్చిందా? దాని మీద చదవండి. బరువు 50 కిలోలు అని ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. తయారైన తేదీ కూడా ఉంటుంది. మూడు నెలలు దాటిన సిమెంటుకు బలం తగ్గుతుంది. గడ్డలు కట్టిన సిమెంటు అసలే వద్దు.

పూత పూశాక కనీసం వారం రోజులు నీళ్లతో తడపాలి. తడపకపోతే బీటలు వస్తాయి. "తడిపే పని మీదా, మాదా?" అని మేస్త్రీని ముందే అడగండి. చాలా చోట్ల గొడవ దీని దగ్గరే వస్తుంది.

సోలార్ సంగతులు

ఒక కిలోవాటు సోలార్ పెట్టడానికి సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. ఆ చోట చెట్టు నీడ పడకూడదు. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ పడినా కరెంటు తగ్గుతుంది. ఎండ బాగా ఉంటే ఒక కిలోవాటు నుంచి రోజుకు సుమారు నాలుగు యూనిట్ల కరెంటు వస్తుంది.

పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ ఇలా పెట్టారు:

1 కిలోవాటుకు 30,000 రూపాయలు.
2 కిలోవాట్లకు 60,000 రూపాయలు.
3 కిలోవాట్లకు, అంతకు మించినా 78,000 రూపాయలు.

ఈ డబ్బు ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. అదీ ముందు కాదు. పలకలు పెట్టాలి. నెట్ మీటరు బిగించాలి. కరెంటు ఆఫీసు వాళ్లు చూసి సరే అనాలి. ఆ తర్వాతే వస్తుంది. "ముందు నాకు పది వేలివ్వండి, సబ్సిడీ తెప్పిస్తా" అనేవాళ్లను నమ్మకండి.

నెట్ మీటరు అంటే ఏమిటి? పగలు ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు తీగలోకి పోతుంది. రాత్రి తీగ నుంచి కరెంటు ఇంట్లోకి వస్తుంది. పోయినదీ వచ్చినదీ రెండూ లెక్కపెట్టేదే నెట్ మీటరు.

కరెంటు పోతే ఈ సోలార్ ఎందుకు ఆగిపోతుంది? పైన స్తంభం మీద లైన్‌మెన్ పని చేస్తుంటాడు. అప్పుడు కప్పు మీది కరెంటు తీగలోకి పోతే అతని ప్రాణానికే ముప్పు. అందుకే అది తనంతట తాను ఆగేలా చేశారు. కరెంటు పోయినా వెలగాలంటే బ్యాటరీ ఉన్నది కావాలి. దానికి ఖర్చు ఎక్కువ.

అందరికీ సోలార్ లాభమేనా? ముందు మీ కరెంటు బిల్లు తీయండి. నెలకు ఎన్ని యూనిట్లు వాడారో చూడండి. తెలంగాణలో 2024లో గృహజ్యోతి మొదలైంది. అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు ఇచ్చారు. అలాంటి ఇంటికి అప్పు చేసి సోలార్ పెడితే మిగిలేది తక్కువ. నెలకు 300 యూనిట్లు వాడి బిల్లు కట్టే ఇంటికి మిగిలేది ఎక్కువ. బిల్లు ఎప్పుడూ సున్నా అవుతుందని కూడా అనుకోవద్దు. కొన్ని ఛార్జీలు ఉంటూనే ఉంటాయి.

ఇంకో మాట. పథకంలో పేరు నమోదైన కంపెనీ చేతనే పెట్టించుకోవాలి. లేకపోతే సబ్సిడీ రాదు. నమోదైన కంపెనీల పేర్లు పీఎం సూర్యఘర్ వెబ్‌సైటులో ఉంటాయి. కరెంటు ఆఫీసులో కూడా అడగవచ్చు. పెట్టిన కంపెనీయే అయిదేళ్లు బాగోగులు చూడాలి. ఈ మాట కాగితంలో ఉందో లేదో చూసుకోండి.

కాగితం ఎలా రాయాలి?

మూడో ఇంటి కాగితం ఇలా ఉంది. మెల్లగా చదవండి.

ఇంటి యజమాని పేరు, ఊరు: ............
మేస్త్రీ పేరు, ఊరు, ఫోన్ నంబరు: ............
పని: శ్లాబు మీది పాత పూత తీయాలి. బీటలు పూడ్చాలి. నీరు నిలవకుండా వాటం పెట్టి కొత్త పూత పూయాలి. చెత్త ఎత్తాలి.
సామాను, కూలీ: అంతా మేస్త్రీదే. తడిపే పని ఇంటివాళ్లది.
మొత్తం: 60,000 రూపాయలు. అక్షరాలా అరవై వేల రూపాయలు.
మొదటి విడత, పని మొదలయ్యేటప్పుడు: 10,000.
రెండో విడత, బీటలు పూడ్చాక: 20,000.
మూడో విడత, పూత అయ్యాక: 20,000.
నాలుగో విడత, మంచి వాన పడి కప్పు కారకపోతే: 10,000.
మొదలు తేదీ: ............ ముగిసే తేదీ: ............
పూచీ: రెండు వానాకాలాల లోపు కారితే మేస్త్రీ డబ్బు తీసుకోకుండా బాగు చేయాలి.
సంతకాలు: ఇంటి యజమాని, మేస్త్రీ, ఇద్దరు సాక్షులు.

రెండు కాగితాలు రాయాలి. ఒకటి మీ దగ్గర, ఒకటి మేస్త్రీ దగ్గర. డబ్బును అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. అంకె పక్కన ఇంకో సున్నా చేర్చడం తేలిక. అక్షరాలను మార్చడం తేలిక కాదు. ఖాళీ కాగితం మీద సంతకం ఎప్పుడూ పెట్టకండి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి రసీదు తీసుకోండి. సోలార్ కాగితానికీ ఇదే పద్ధతి. అందులో ఎన్ని కిలోవాట్లు, ఏ కంపెనీ పలకలు, ఇన్వర్టరుకు ఎన్నేళ్ల గ్యారంటీ, ఇవన్నీ ఉండాలి.

"నీకేం తెలుసు, సంతకం పెట్టు" అని ఇంట్లోవాళ్లే తొందరపెట్టవచ్చు. "చదివి పెడతాను" అనండి. ఒక్క రోజు ఆగితే పోయేదేమీ లేదు.

మేస్త్రీకీ న్యాయం

కాగితం ఇంటివాళ్లకే కాదు. మేస్త్రీ కూడా కూలీలకు సాయంత్రానికి డబ్బు ఇవ్వాలి. కొందరు ఇంటివాళ్లు పని చక్కగా అయినా "రేపు, ఎల్లుండి" అని తిప్పుతారు. కట్టిన గోడ పడగొట్టించి ఇంకోచోట కట్టమంటారు. దానికి డబ్బు ఇవ్వరు. ఇదీ అన్యాయమే. పని అయిన రోజున విడత ఇవ్వాలి. అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాలి.

పని చెడిపోతే?

ముందు పిలిచి మాట్లాడండి. వినకపోతే ఉత్తరం రాయండి. నకలు దగ్గర పెట్టుకోండి. చెడిన పనికి ఫోటోలు తీయించండి. అయినా కదలకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే ఇవ్వవచ్చు. లాయరు లేకపోయినా ఫరవాలేదు. అయిదు లక్షల లోపు పనికి ఫీజు లేదు. కానీ రెండేళ్ల లోపు ఇవ్వాలి. అక్కడ మొదట అడిగేది కాగితాలు, రసీదులే.

అక్కలారా! అక్షరాలు నేర్చుకున్నది బస్సు బోర్డు చదవడానికే కాదు. మీ అప్పు డబ్బు ఎక్కడికి పోతోందో చదువుకోవడానికి కూడా. పైన ఉన్న కాగితాన్ని మీ చేత్తో ఒకసారి నోటుబుక్కులో రాయండి. తప్పులు పోతే దిద్దుకోండి. సంఘం మీటింగులో పదిమందికీ చదివి వినిపించండి. మీ వీధిలో ఎవరింటికి మేస్త్రీ వచ్చినా, ముందు ఆ కాగితం ఉందో లేదో అడగండి.